ఫ్యాక్టరీలు పోయి కవర్లు వచ్చాయి

ఇప్పుడు ప్రతి మందుల కంపెనీకీ చైనా కోసం ఒక వ్యూహం ఉంటుంది. మా రోజుల్లో ఒక ఫ్యాక్టరీ ఉండేది.

ఆ వ్యూహం ఎలా ఉంటుందో మా మేనల్లుడు ల్యాప్‌టాప్‌లో చూపించాడు. వాడు గచ్చిబౌలిలో ఏదో కన్సల్టింగ్ కంపెనీలో కూచుని విదేశీ మందుల కంపెనీలకు చైనా గురించి సలహాలు చెబుతుంటాడు. చైనా మొహం ఎన్నడూ చూళ్లేదు, అది వేరే సంగతి. తెర నిండా రంగురంగుల గళ్లు, బాణాలు, ఒక పిరమిడ్. అంతా ఓపిగ్గా చూసి, "ఇందులో మందు పేరెక్కడరా?" అనడిగాను. "అది అపెండిక్సులో ఉంటుంది మావయ్యా" అన్నాడు. మందు అపెండిక్సులోకి పోయిన కాలం ఇది.

నేను జీడిమెట్లలో డ్రమ్ములకు లేబుళ్లు అంటించే దగ్గర మొదలుపెట్టి ఎగుమతుల బల్ల దాకా వచ్చినవాణ్ణి. చైనావాడికి బల్క్ డ్రగ్ అమ్మాను, తర్వాత అదే చైనావాడి దగ్గర కొన్నాను కూడా. కాబట్టి గొణిగే హక్కు నాకుంది.

మా రోజుల్లో చైనాకి వెళ్లిన కంపెనీలు ఎలా వెళ్లేవో చెబుతాను. చైనా నేత దేంగ్ షియావోపింగ్ విదేశీయులకి తలుపులు తీశాక ముందు దూరినవాళ్లు మరీ తెలివైనవాళ్లేం కాదు, ఓపికున్నవాళ్లు. జపాన్ ఒత్సుకా వాళ్లు టియాంజిన్‌లో సెలైన్ సీసాల ఫ్యాక్టరీ పెట్టారు. అమెరికా స్క్విబ్ వాళ్లు 1982లో షాంఘైలో పొత్తు కుదుర్చుకున్నారు. స్మిత్‌క్లైన్ టియాంజిన్ చేరింది. 1989కల్లా ఫైజర్ దాలియన్‌లో పునాది వేసింది. అందరిలోకీ నాకు నచ్చింది బెల్జియం జాన్సెన్ వాళ్ల పద్ధతి. పాల్ జాన్సెన్ స్వయంగా కెమిస్టు, డాక్టరు. ఆయన షాంఘైనీ బీజింగ్‌నీ వదిలేసి, సముద్రం ఎక్కడుందో తెలియని షియాన్ నగరాన్ని పట్టుకున్నాడు. 1985లో షియాన్-జాన్సెన్ పుట్టింది. ఆ ఊళ్లో అప్పటికి విదేశీయుడు కనిపిస్తే అతని వెనక పిల్లల గుంపు కట్టేది.

అక్కడ వాళ్లు అమ్మినవేమిటి? నులిపురుగులకు మెబెండజోల్, తామరకు మైకొనజోల్ ఆయింట్‌మెంటు, కడుపుబ్బరానికి డోంపెరిడోన్. గొప్ప మందులు కావు. కోటిమందికి కావలసిన మందులు. మందుకంటే ముందు మనిషిని తయారు చేసుకున్నారు. తొలి రోజుల్లో వాళ్ల తరఫున ఆస్పత్రులకు తిరిగినవాళ్లు ఎక్కువగా డాక్టర్లూ ఫార్మసిస్టులే, ప్రభుత్వ ఉద్యోగం వదులుకుని వచ్చినవాళ్లు. మందు ఎలా పనిచేస్తుందో బల్ల ముందు కూచుని డాక్టరుకి చెప్పగలిగేవాళ్లు. ఈ కాలం ఎంఆర్‌లలా ట్యాబ్ చేతిలో పెట్టి "సార్, రెండు నిమిషాలు" అని కాదు.

ఇంకో ముచ్చట. షియాన్ పక్కన భూమిలోంచి బయటపడ్డ ఆ మట్టి సైనికుల బొమ్మలున్నాయే, వాటికి గాలి తగిలాక బూజు పట్టడం మొదలైంది. బూజు మందులు చేసే జాన్సెన్ వాళ్లనే మ్యూజియం అడిగింది. 2000 సంవత్సరంలో ఒప్పందం చేసుకుని వాళ్ల శాస్త్రవేత్తలు ఆ బొమ్మల బూజు సంగతి చూశారు. ఊరివాళ్లు ఇంట్లో మనిషిని పిలిచినట్టు పిలిచారన్నమాట. ఇప్పటి వ్యూహాల పిరమిడ్‌లో ఇది ఏ అంతస్తులో పడుతుందో మా వాణ్ణడిగితే, "స్టేక్‌హోల్డర్ ఎంగేజ్‌మెంట్" అన్నాడు. బూజు దులిపితే దానికీ ఓ పేరు.

మా సంగతి వేరు. మేం ఫ్యాక్టరీలు పెట్టేంతవాళ్లం కాదు. హైదరాబాద్ నుంచి డ్రమ్ములు పంపేవాళ్లం. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని బయటికొచ్చిన కెమిస్టులు ఒక్కొక్కరూ ఒక్కో రియాక్టర్ పెట్టుకుని ఎదిగిన కాలం అది. అంజిరెడ్డి గారూ ఐడీపీఎల్ మనిషే, 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి చేయడంలో మనవాళ్లు అప్పుడు చైనావాడికంటే ముందున్నారు. నమ్మరు కదూ? నిజం.

అమ్మడమంటే ఎలా ఉండేదంటే, గ్వాంగ్‌జౌ ఫెయిర్‌కి బ్యాగులో శాంపిల్ సీసాలతో వెళ్లేవాళ్లం. ప్రభుత్వ దిగుమతి సంస్థ గదిలో మూతల టీకప్పులు, వెదురు కుర్చీలు, గోడకో క్యాలెండరు. కొనేవాళ్ల తరఫున ఒక ముసలి కెమిస్టు ఉండేవాడు. మా సర్టిఫికెట్ పక్కన పడేసేవాడు. సీసా మూత తీసి చిటికెడు పొడి నల్లకాగితం మీద పోసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో అటూ ఇటూ తిప్పేవాడు. గోటితో నలిపేవాడు. మళ్లీ వచ్చి కూచుని, దుబాసీ వైపు చూసి ఒక్క మాట అనేవాడు. "పోయినసారికంటే పసుపు ఎక్కువ" అని. అంతే, కిలోకి రెండు డాలర్లు దిగాల్సిందే. కానీ ఆ పసుపు నిజంగానే ఎక్కువుండేది. చివరి కడుగులో మా షిఫ్టువాడు బద్ధకించాడని ఇంటికొచ్చి బ్యాచ్ రికార్డు తిరగేస్తే తెలిసేది. కొనేవాడికి సరుకు తెలిసిన కాలం. బేరంలో తగ్గినా కోపం వచ్చేది కాదు.

కోపం వచ్చిన సందర్భమూ చెప్పాలి. తీరప్రాంతంలో ఓ నగరం, ఓ దిగుమతిదారు. పేరెందుకు? బ్యాంకులో ఎల్.సి. (లెటర్ ఆఫ్ క్రెడిట్) తెరిచాడు, మా డ్రమ్ములు ఓడెక్కాయి. సరుకు రేవుకి చేరేలోగా అక్కడే ఓ లోకల్ ఫ్యాక్టరీ అదే మందు చేయడం మొదలుపెట్టి ధర కోసేసింది. మన పెద్దమనిషి ఏం చేశాడు? మా ఇన్వాయిస్‌లో కంపెనీ అడ్రస్‌లో ఒక కామా తక్కువుందని బ్యాంకులో డిస్క్రిపెన్సీ పెట్టించాడు. కామా కోసం కాగితాలు ఆగిపోయాయి. రేవులో డెమరేజీ రోజురోజుకీ పెరుగుతోంది. చివరికి పదిహేను శాతం తగ్గిస్తే కామా లేకపోయినా ఫర్వాలేదన్నాడు. తగ్గించాం. ఆ రాత్రే విందుకి పిలిచి, మావుతాయ్ సారా గ్లాసు చేతికిచ్చి, "మనది చిరకాల స్నేహం" అన్నాడు. నేను తాగలేదు. నా వాటా కూడా మా దుబాసీ తాగి, దారి పొడుగునా పాటలు పాడాడు.

అసలు గ్రహించాల్సింది కామా సంగతి కాదు, ఆ లోకల్ ఫ్యాక్టరీ సంగతి. అలాంటివి జిల్లాకొకటి లేచాయి. ఏ ధరకి అమ్ముతారో లెక్కాపత్రం లేదు. కొన్నేళ్లకి మా డ్రమ్ములు వెళ్లిన ఓడలే వాళ్ల డ్రమ్ములతో తిరిగొచ్చాయి.

సరే, పెద్ద కంపెనీల కథకి వద్దాం. అక్కడి మందుల వ్యాపారం అర్థం కావాలంటే ఒక్క సంగతి పట్టుకోవాలి. మన దగ్గర సందుకో మందుల షాపు. చీటీ పట్టుకుని ఎక్కడైనా కొనుక్కోవచ్చు, చీటీ లేకుండా కూడా కొనేస్తాం. చైనాలో ఆస్పత్రే షాపు. డాక్టరు రాస్తాడు, అదే బిల్డింగులో కిటికీ దగ్గర డబ్బు కట్టి, పక్క కిటికీలో మందు తీసుకుంటావు. ఎనభైల నుంచి ప్రభుత్వం ఆస్పత్రులకిచ్చే డబ్బు తగ్గించుకుంటూ పోయి, దానికి బదులు మందు కొన్న ధర మీద 15 శాతం వేసుకుని అమ్ముకోండని అనుమతిచ్చింది. ఆస్పత్రి కరెంటు బిల్లు నుంచి నర్సు బోనస్ దాకా ఆ పదిహేను మీదే నడిచేది. రూపాయి మందు మీద పదిహేను పైసలు, వంద రూపాయల మందు మీద పదిహేను రూపాయలు. ఇక చవక మందు ఎవడు రాస్తాడు?

విదేశీ కంపెనీలకి ఇది పెళ్లివిందు. దానికి తోడు అసలు మందు కనిపెట్టిన కంపెనీకి, పేటెంటు గడువు తీరిపోయాక కూడా, లోకల్ నకలుకంటే ఎక్కువ ధర పెట్టుకునే వీలు ప్రభుత్వమే కల్పించింది. అమెరికాలో పేటెంటు పోయిన మర్నాడే ధర పాతాళానికి దిగుతుంది. చైనాలో పేటెంటు పోయినా ధర పోలేదు, పైగా అమ్మకం పెరిగింది. కొలెస్టరాల్‌కి ఫైజర్ లిపిటార్, బీపీకి నార్వాస్క్ అలా ఏళ్ల తరబడి పండాయి. బేయర్ వాళ్ల గ్లూకోబే అయితే మరీ. అన్నంలో, పిండిలో ఉండే గంజి గబుక్కున చక్కెరగా మారకుండా అడ్డుపడే మాత్ర అది. మనలాగే కంచం నిండా అన్నమో నూడుల్సో తినే దేశంలో దానికి ఎదురేముంటుంది? ప్రపంచంలో ఆ మాత్రకి అతిపెద్ద బజారు చైనాయే అయింది.

ఇలా తేరగా వచ్చే చోటే బుద్ధి చెడుతుంది. డాక్టరు కలం కదిలితే చాలనుకున్నాక, ఆ కలాన్ని కదిలించే పనికి వేలకు వేలమంది కుర్రాళ్లని దింపారు. తొలి రోజుల డాక్టరు-ప్రతినిధి పోయి, కవరు అందించే ప్రతినిధి వచ్చాడు. మందు గురించి వాడికి తెలిసింది ఒక్కటే, పెట్టెకి ఎంత. పైవాళ్లూ తక్కువ తినలేదు. దేశం మొత్తానికి మందుల అనుమతులిచ్చే సంస్థకి అధిపతిగా పనిచేసిన జెంగ్ షియావోయూ లంచాలు తిన్నాడని తేలి, 2007 జులైలో మరణశిక్ష అమలైంది. అంత పెద్ద దెబ్బ చూశాక ఎవడైనా ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడనుకుంటాం. 2013లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ దొరికింది. ట్రావెల్ ఏజెన్సీల చేత జరగని సదస్సులకు బిల్లులు రాయించి, ఆ డబ్బు డాక్టర్లకు పంచారని అభియోగం. 2014 సెప్టెంబరులో చాంగ్షా కోర్టు 300 కోట్ల యువాన్ల జరిమానా వేసింది. చైనా శాఖ అధిపతి మార్క్ రైలీకి శిక్ష వేసి, అమలు నిలిపి, దేశం నుంచి పంపేశారు. కంపెనీ క్షమాపణ చెప్పుకుంది.

మా రోజుల్లో గిఫ్టు అంటే క్యాలెండరు, మహా అయితే పార్కర్ పెన్ను. చెబితే మా వాడు నవ్వుతాడు.

ఈ మధ్యలో రోగి ఏమయ్యాడు? ఆ కథలో హైదరాబాద్ ఉంది, కనుక ఆగి చెబుతాను. రక్తం క్యాన్సర్‌లో ఒక రకానికి నోవార్టిస్ వాళ్ల గ్లివెక్ సంజీవని. చైనాలో దాని ధర నెలకి 23,500 యువాన్లు. వూషీలో చిన్న వ్యాపారం చేసుకునే లూ యోంగ్ అనే ఆయనకి 2002లో ఆ జబ్బు బయటపడింది. ఉన్నదంతా మాత్రలకే పెట్టాక, మన దేశంలో అదే మందు, ఇమాటినిబ్, చవగ్గా దొరుకుతుందని తెలుసుకున్నాడు. ఆయన తెప్పించుకున్నవాటిలో మన నాట్కో వాళ్ల వీనాట్ ఉంది. తనకి పనిచేశాక తోటి రోగులకీ దారి చూపించాడు. అనుమతి లేని మందు కాబట్టి అప్పటి చట్టం దృష్టిలో అది నకిలీ మందే. కేసు పెట్టారు, జైల్లో వేశారు. వందలమంది రోగులు సంతకాలు చేసి పంపారు. 2015లో ప్రాసిక్యూటర్లు కేసు ఉపసంహరించుకున్నారు. ఆ కథని ఆధారం చేసుకుని 2018 జులైలో ఒక సినిమా వచ్చి దేశాన్ని ఊపేసింది. ప్రధాని లీ కెచియాంగ్ కూడా ఆ సినిమా పేరెత్తి క్యాన్సర్ మందుల ధరలు త్వరగా దించమన్నాడు.

వ్యూహాల కంపెనీలు దశాబ్దాల తరబడి చేయని పని ఒక సినిమా చేసిందనను. ప్రభుత్వం అప్పటికే కత్తి నూరుతోంది. 2015లో మందుల పరీక్షల లెక్కలు మళ్లీ సరిచూసుకోండని హెచ్చరిస్తే, వరుసలో ఉన్న దరఖాస్తుల్లో అత్యధిక భాగాన్ని కంపెనీలే నిశ్శబ్దంగా వెనక్కి తీసుకున్నాయి. అంటే ఏం లెక్కలు రాశారో ఊహించుకోండి. 2017లో ఆస్పత్రుల 15 శాతం ఎత్తేశారు. 2018లో ఆరోగ్య బీమా సొమ్మంతా ఒకే చేతికిచ్చి కొత్త సంస్థ పెట్టారు. ఇక కొనేవాడు ఒక్కడు. అదే ఏడాది డిసెంబరు 6న షాంఘైలో టెండర్లు తెరిచారు.

నాలుగు మహానగరాలు, ఏడు నగరాలు, కలిపి పదకొండు. ఆస్పత్రులు వాడే మందులో అరవై డెబ్బై శాతం గంపగుత్తగా కొంటాం, ఎవడు తక్కువకిస్తే వాడికే అన్నారు. జాబితాలో 31 మందులుంటే 25 కుదిరాయి. ధర సగటున 52 శాతం తెగింది. బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ 15 సెంట్లకి, అంటే యువాన్‌లో ఏడో వంతుకి, ఒక జెజియాంగ్ కంపెనీ తన్నుకుపోయింది. లిపిటార్ ఓడింది. నార్వాస్క్ ఓడింది. విదేశీయుల్లో గెలిచింది ఇద్దరంటే ఇద్దరు. రెండో విడతలో, 2020 జనవరిలో, బేయర్ మొండికెత్తి గ్లూకోబేని మాత్ర 18 సెంట్లకి దించేసి గెలిచింది. అదే మాత్ర అంతకు ముందు పదిరెట్లకి అమ్మిన కంపెనీయే అది! మరి ఇన్నాళ్లూ తీసుకున్నదేమిటో?

కొత్త మందులకి ఇంకో తంతు. ఏటా బీమా జాబితాలో చేర్చడానికి బీజింగ్‌లో బేరం. ప్రభుత్వం తరఫు నిపుణులు ముందే లెక్కేసి ఒక ధర రాసి కవర్లో పెట్టి సీలు వేస్తారు. ఆ కవరు బేరం గదిలోనే విప్పుతారు, కానీ అందులో ఏముందో కంపెనీవాడికి చూపించరు. కంపెనీ రెండుసార్లు ధర చెప్పొచ్చు. రెండోది కూడా కవర్లో ఉన్నదానికంటే 15 శాతం పైన ఉంటే లేచి వెళ్లిపోవాల్సిందే. లోపలికొస్తే అప్పుడు అసలు బేరం మొదలు. 2019లో ఆ గదిలోకి టీవీ కెమెరాని రానిచ్చారు. షుగర్ మాత్ర డాపాగ్లిఫ్లోజిన్, ఆస్ట్రాజెనెకా వాళ్లది. 5.62 యువాన్ల దగ్గర మొదలై 4.40 దాకా దిగింది. ప్రభుత్వం తరఫు పెద్దమనిషి అక్కడ ఆగి, నాలుగులు మరీ ఎక్కువయ్యాయి, మన దగ్గర అది శుభం కాదు, ఇంకో నాలుగు సెంట్లు తగ్గించి 4.36 చేద్దామన్నాడు. చేశారు. నేను ఆ వీడియో చూసి, బేగంబజారులో మిరపకాయల బేరం దీనికంటే మర్యాదగా ఉంటుందనుకున్నాను.

2021లో ఇంకోటి. పిల్లల వెన్నుపాములో నరాలు చచ్చిపోయే అరుదైన జబ్బుకి బయోజెన్ వాళ్ల ఇంజెక్షన్. 2019లో చైనాలోకి వచ్చినప్పుడు ఒక్క డోసు దాదాపు ఏడు లక్షల యువాన్లు. గదిలో మొదటి మాట 53,680. ప్రభుత్వం తరఫున కూచున్నావిడ జాంగ్ జిన్నీ. అరుదైన జబ్బున్న చిన్న గుంపునైనా వదిలేయకూడదంటూ మాట్లాడుతూనే, ధర దగ్గర మాత్రం ఇనుము. కంపెనీవాళ్లు మాటిమాటికీ బయటికెళ్లి మంతనాలాడి ధర దించుకుంటూ వచ్చారు. గంటన్నర పట్టింది. 33,000 దగ్గర తెగింది.

మా మేనల్లుడు ఇక్కడ నన్ను పట్టుకున్నాడు. "ఏడు లక్షలది ముప్పై మూడు వేలకి వచ్చింది మావయ్యా, ఆ పిల్లల తల్లిదండ్రుల్ని అడుగు మీ రోజులు మంచివో ఈ రోజులు మంచివో" అని. ఒరేయ్, ధర తగ్గినందుకు నాకేం ఏడుపు లేదు. లూ యోంగ్‌లాంటివాడు ఇక మన మాత్ర కోసం జైలుకెళ్లే అవసరం లేకుండా, అదే ఇమాటినిబ్‌ని ఆ షాంఘై టెండర్లో లోకల్ కంపెనీ పెట్టె 600 చిల్లర యువాన్లకి ఇచ్చిందంటే, నేనూ చప్పట్లు కొడతాను. నా గొడవ కంపెనీలతో. ఏడు లక్షల నుంచి ముప్పై మూడు వేలకి దిగగలిగినవాడు, ఎవరో కవరు సీలు చేసి కూచునే దాకా ఎందుకు దిగలేదు? ఇన్నేళ్లు చైనాలో నడిచింది వ్యాపారమే కాదు, డాక్టరు కలం వెనక దాక్కోవడం. ఆ కలం లాగేసుకోగానే అందరి లాగులూ తడిశాయి.

తడిశాక ఏం చేశారు? కొందరు సామాను అమ్ముకున్నారు. ఎలై లిల్లీ 2019లో రెండు పాత యాంటీబయాటిక్ బ్రాండ్ల చైనా హక్కుల్ని సూజౌ ఫ్యాక్టరీతో సహా ఒక లోకల్ కంపెనీకి అమ్మేసింది. ఫైజర్ తన పాత మందులన్నిటినీ మూటగట్టి, ఆ విభాగానికి షాంఘైలో ప్రధాన కార్యాలయం పెట్టి, ఆర్భాటం చల్లారకముందే మైలాన్‌తో కలిపి 2020లో వియాట్రిస్ అని పేరు మార్చి వదిలించుకుంది. మిగిలిన బ్రాండ్లు ఆస్పత్రి వదిలి బయట షాపులకి, ఫోన్ ఆర్డర్లకి పాకాయి. ఇప్పుడు షాంఘైలో లిపిటార్ కావాలంటే మెయ్‌తువాన్ పసుపు చొక్కా కుర్రాడు నూడుల్స్‌తో పాటు తెచ్చిస్తాడు.

టీకాల ముచ్చట మరీ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా 2006లో అమెరికాలో వచ్చింది. చైనా మొదటి అనుమతి 2016లో. ఆ పదేళ్లూ ఉన్నవాళ్లు హాంకాంగ్ వెళ్లి పొడిపించుకున్నారు. తొమ్మిది రకాల వైరస్‌లకి పనిచేసే టీకాని 2018లో దరఖాస్తు తీసుకున్న కొద్ది రోజుల్లోనే ఓకే అన్నారు. మెర్క్ వాళ్లు అమ్మకాన్ని చోంగ్‌చింగ్ కంపెనీ జిఫేయ్ చేతిలో పెట్టారు. అమ్మాయిలు లాటరీ తీసుకుని టీకా వేయించుకున్న రోజులు నడిచాయి. తర్వాత లోకల్ టీకాలొచ్చాయి, జనం చేతులు ముడుచుకున్నారు, జిఫేయ్ గోదాములు నిండిపోయాయి. 2025 ఫిబ్రవరిలో మెర్క్ చైనాకి సరఫరానే ఆపేశామని ప్రకటించింది. సొంత మనుషులు ఊళ్లలో తిరుగుతుంటే గోదాము నిండుతున్న సంగతి ముందే తెలిసేది. పంపిణీదారుడి ఎక్సెల్ షీటు చూసి మందు అమ్మితే ఇంతే.

నిలబడ్డవాడూ ఉన్నాడు, చెప్పకపోతే అన్యాయం. ఆస్ట్రాజెనెకా కౌంటీ ఆస్పత్రుల దాకా మనుషుల్ని పంపింది, పిల్లల ఆయాసానికి మందు పొగ పట్టించే గదులు ఆస్పత్రుల్లో పెట్టించింది, విదేశీ కంపెనీల్లో అందరికంటే పెద్దదయింది. మా కాలపు పద్ధతికి దగ్గరగా ఉందే అనుకుంటూ ఉండగా, 2024 చివర్లో దాని చైనా విభాగం అధ్యక్షుడు వాంగ్ లెయ్‌ని అధికారులు అదుపులోకి తీసుకున్నారు. అయినా 2025 మార్చిలో ఆ కంపెనీ బీజింగ్‌లో 250 కోట్ల డాలర్లు పెడతానంది. పెట్టె సర్దుకోలేదు. అంత పెద్ద బజారు మరి, ప్రపంచంలో రెండోది.

ఆ డబ్బు ఒక్క ఫ్యాక్టరీకే కాదు సుమా. ఇప్పుడు అక్కడికి వెళ్లేది అమ్మడానికి కాదు, కొనడానికి. 2025 మేలో ఫైజర్ షెన్యాంగ్ కంపెనీ త్రీఎస్‌బయోకి ఒక క్యాన్సర్ మందు హక్కుల కోసం ముందుగా 125 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఇంకా బజారుకి రాని మందుకి! చైనా బుర్రలో పుట్టిన మందుని విదేశీ కంపెనీ తీసుకోవడం కొత్తేమీ కాదు. 1994లో, ఇప్పటి నోవార్టిస్‌కి పూర్వరూపమైన సీబా-గైగీ, చైనా సైనిక శాస్త్రవేత్తల మలేరియా మందు తీసుకుంది. అదే కోఆర్టెమ్ అయింది. 2001 నుంచి పేద దేశాలకి లాభం లేకుండా ఇచ్చింది. ఆ ఒప్పందం వల్ల ఆఫ్రికా పిల్లలు బతికారు. ఇప్పటి ఒప్పందం వార్త రాగానే షేర్లు పెరిగాయి. మా వాడి వ్యూహంలో మందు పేరు అపెండిక్సులో ఎందుకుందో నాకప్పుడు అర్థమైంది.

ఇటు ప్రభుత్వం వైపు కూడా అంతా పాలూ తేనే కాదు. 2024 డిసెంబరు టెండర్లో ఆస్పిరిన్ మాత్ర మూడు సెంట్లు పలికింది. కాగితం, రేకు, కరెంటు పోగా మాత్రలో మందెంతో నాలాంటి డ్రమ్ములవాడికి లెక్క తేలదు. కొద్ది వారాలకే షాంఘైలో పేరున్న డాక్టర్లే లేచి, మత్తుమందు పట్టడం లేదు, బీపీ దిగడం లేదు, విరేచనాల మందుకి విరేచనం కావడం లేదని బాహాటంగా అన్నారు. 2025 విడతకి అట్టడుగు ధర ఒక్కటే చూడబోమని నిబంధన మార్చారు. నల్లకాగితం మీద పొడి పోసి చూసే ముసలాయన ఉంటే ఆ ముక్క ముందే చెప్పేవాడు.

ఇక మనవాళ్లు. డాక్టర్ రెడ్డీస్ ఇరవై ఏళ్లకు పైగా కున్‌షాన్‌లో రోటమ్‌తో పొత్తులో మాత్రలు చేస్తూ వచ్చింది. ఎవరికీ వినిపించకుండా, నిదానంగా, కాగితాలు సర్దుకుంటూ. 2019 టెండర్లో దాని ఓలాంజపైన్ గెలిచింది. అది వ్యూహం కాదు, ఓపిక. అరబిందో ఇంకో దారి తొక్కి, షాన్సీ రాష్ట్రం దాతోంగ్‌లో పెన్సిలిన్ ఫ్యాక్టరీనే నడిపింది, తర్వాత అమ్మేసింది. మన దేశంలో పెన్సిలిన్-జి చేసే ఫ్యాక్టరీలన్నీ చైనా ధర ముందు నిలవలేక ఒక్కొక్కటే మూతపడ్డాయి. రిషికేశ్‌లో ఐడీపీఎల్‌ది కూడా. అమాక్సిసిలిన్ మనది, డబ్బా మీద పేరు మనది, లోపలి మూలసరుకు వాళ్లది. 2024లో గానీ అరబిందో వాళ్లు కాకినాడ దగ్గర మళ్లీ పెన్సిలిన్-జి మొదలుపెట్టలేదు.

మా వాడి పిరమిడ్‌లో ఈ మూలసరుకు సంగతి ఎక్కడా లేదు. అందుకని చైనాలో మందు అమ్ముదామనుకునే మన కుర్రాళ్లకి ఒక్క మాట చెబుతాను. బీజింగ్ విమానం టిక్కెట్టు కొనేముందు, మీ మాత్రలో చైనా నుంచి వచ్చే మూలసరుకు ఎంత, ఏ ఊరి నుంచి వస్తోంది, వాడు రేపు కిలోకి రెండు డాలర్లు పెంచితే మీ ధర ఎంతవుతుంది, ఒక కాగితం మీద రాసుకోండి. అవతలి గదిలో కవరు సీలు చేసినవాడికి ఆ లెక్క ముందే తెలుసు. మీకూ తెలిశాక టెండరు ఫారం నింపండి.